తరుగు

మిట్టమధ్యాహ్నం, కొలిమి చల్లబడ్డ యాళ్ల
జైతూన్ బీ వచ్చి
కొంగు ముడి విప్పి గద్దె మీద పెట్టింది
బొటనవేలంత సుర్మాదాని.

"నానీది" అన్నది. ఇంకేం చెప్పలే.
నారాయణపేట సరాఫ్ బజార్ల నలభై ఏండ్లుగ కూసున్నోన్ని,
అమ్మేటోళ్లు వస్తువు గురించి తక్కువ మాట్లాడిన్రంటే
ఇంట్ల దానితోని ఎక్కువ మాట్లాడి వచ్చిన్రని ఎరుకే.

మూత మీద సీతాకోకచిలుక.
వెండిని గోరంత లోతు చెక్కి
గాజుపొడి నింపి, కాల్చి,
మళ్ల నింపి, మళ్ల కాల్చి తెచ్చిన రంగు.
రెక్క నిండ మోదుగుపువ్వు ఎరుపు,
చుట్టూ నల్లంచు, అంచుల తెల్లచుక్కలు,
మా పేట చీరకు నేసినట్టే.
ఎడమ రెక్క కొసకు మీనా రాలి
లోపలి వెండి కనబడుతున్నది
పన్నూడిన పిల్ల నవ్వినట్టు.

ఎరుపు అందరికీ లొంగదు.
పచ్చ నిలుస్తది, నీలం నిలుస్తది,
ఎరుపు మాత్రం ఒక్క ఊపిరి సెగ ఎక్కువైతే
మాడిన కార్జమైతది.
మా నాయిన మూడుసార్లు చేసి, మూడుసార్లు మాడ్చి
ఆ పని జోలికి మళ్ల పోలే.
ఇంత తెలిసి గూడ నేను
కాటా ముందలికి జరిపిన.

"నలభై ఒక్క గ్రాము. రంగుకు రెండు గ్రాములు తరుగు."
"రంగుకా?"
"అది వెండి కాదు గద, బీబీ."
ఆమె చూసింది. కాటాను కాదు, నన్ను.
"నానీ దీన్ని కొన్నదే రంగు జూసి."

దానికి నా దగ్గర లెక్క లేదు.
లెక్క దొరకనప్పుడు తప్పు ఎతుకుతం మేము.
భూతద్దం కంటికి బెట్టి తిప్పి చూస్తే
రెక్కల కింద, ఎవ్వరూ చూడని నీడల
ఎంటికంత సన్నగ చెక్కిన కాళ్లు.
నాలుగు.

"గిదిగో, పురుగుకు కాళ్లు ఆరుంటయ్.
చేసినోనికి తెల్వదు. కచ్చా పని"
అన్న. నవ్విన గూడ.
ఇచ్చింది తీసుకొని, లెక్కబెట్టకుంట,
మెట్లు దిగిపోయింది.

పొద్దుగూకినంక మూసల వేసిన.
ముందుగాల రంగే పగిలింది
పోపుల ఆవాలు పేలినట్టు.
పెంకులు ఏరి, ఉత్తగనే, కాటాల పోసిన.
అంకె సున్నా దగ్గర వణికి
సున్నా దగ్గర్నే నిలబడ్డది.
ఊదితే పోయినయ్.

ఆ సంగతి మర్చిపోయిన. నిజంగనే మర్చిపోయిన.

కార్తీకంల ఒకనాడు
దుకాణం ఎనక చేతులు కడుక్కుంటుంటే
జిల్లేడు పువ్వు మీద వాలిందొకటి.
మోదుగెరుపు. నల్లంచు. తెల్లచుక్కలు.
చేతుల నీళ్లు కారుతుంటే అట్లనే వంగిన.
తేనె తాగుతున్నది, కదలలే.
లెక్కబెట్టిన.
నాలుగు.
అది లేచిపోయింది, ఇంకొకటి వచ్చింది.
దానికీ నాలుగే.
ముందటి రెండు ఎదకు ముడుచుకుంటదేమో,
ముడుచుకోని. నిలబడ్డయి మాత్రం నాలుగు.

ఎవడో తెల్వదు వాడు.
బీదరోడో, పట్నపోడో. పేరు గియ్యలే.
ఎప్పుడో ఒకనాడు, ఎక్కడో,
జిల్లేడు పాలు చేతికంటుతున్నా లేవకుంట
నా తీర్గనే వంగి చూసిండు.
చూసిందాన్ని
ఎవ్వరూ తిప్పి చూడని చోట దాచిండు.

జైతూన్ బీ ఇల్లు ఎతికిన.
మక్తల్ పోయిందన్నరు, రాయచూరన్నరు.
తాళానికి మకిలి పట్టింది.

తిరిగొచ్చి దీపం ముట్టించి
పాత ఖాతా దీసిన.
ఆ దినం పేజీల నా రాతే ఉన్నది,
"సుర్మాదాని ఒకటి. తరుగు రెండు. కచ్చా పని."
కొట్టెయ్యలే. ఖాతాల కొట్టివేత ఉండొద్దంటుండె మా నాయిన.
దాని కిందనే, సన్నగ,
కొత్త వరుస రాసిన:

కాళ్లు నాలుగు.
సరిగ్గనే ఉన్నయ్.